యాసంగి క్యాసెట్టు

భూపాల్ బ్యాండు రెండో ఆల్బమ్ పేరు ‘యాసంగి’. ఇరవై ఏళ్ల కింద విడుదలైనప్పుడు అది కామారెడ్డి దాటలేదు. అమ్ముడుపోని క్యాసెట్లను అట్టపెట్టెల్లో ఎల్లారెడ్డిలోని ఇంటికి తెచ్చుకుంటే, తండ్రి బాలయ్య వాటి రీళ్లు లాగి లింగంపేట దారిలోని మక్కచేను చుట్టూ కట్టాడు. గాలికి అవి జుయ్యిమని మోగేవి. ఆ పంటకాలమంతా చిలుకలు అటు రాలేదు.

ఆ ఏడాదే భూపాల్‌కు పద్మప్రియతో పెండ్లయింది. బ్యాండు ఆగిపోయింది. ఈ రెండింటినీ కలిపి చెప్పడం ఇంట్లో అలవాటైంది. కోడలు కాలు పెట్టగానే కొడుకు గొంతు మూగబోయిందని అత్త రాజమణి చుట్టాలకు చెప్పేది. తన ఎరువుల దుకాణంలో ఎవరైనా బ్యాండు సంగతి అడిగితే భూపాల్ నిట్టూర్చి, సంసారం అనేవాడు. పద్మప్రియ మొదట్లో పాడమని బతిమాలింది. గిటారుకు కొత్త తీగలు తెప్పించింది. అవి బీరువాలో కవరు విప్పకుండానే ఉన్నాయి.

ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒకటి ‘యాసంగి’ని మళ్లీ విడుదల చేస్తామంది. అప్పట్లో ఎవరూ పట్టించుకోని గొప్ప రాక్ సంగీతమట. పాత పాటలకు తోడు, డ్రమ్స్ వాయించిన కృష్ణమోహన్ దగ్గర దొరికిన రిహార్సల్ టేపులోంచి మరికొన్ని చేర్చారు. అన్నీ ముందే పంపించారు. భూపాల్ తను పాడినవి మాత్రం విన్నాడు. చివరిదాంట్లో పాట లేదు, ఉత్త మాటలేనని వదిలేశాడు.

కామారెడ్డి ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. భూపాల్ మైకు తీసుకుని, ఇంటి కోసం సంగీతాన్ని వదులుకున్న సంగతి చెప్పాడు. ముందు వరుసలో కూర్చున్న భార్య వైపు చేయి చూపి, ఎప్పుడో క్షమించేసినట్టు నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తానొక్కతే ఊరుకుంటే బాగుండదని పద్మప్రియా కొట్టింది. తర్వాత కంపెనీవాళ్లు ఆ చివరిది వినిపించారు.

గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు. ఆపై కృష్ణమోహన్ గొంతు: “బంద్ చేద్దామా మరి?”

“చేద్దాం. నాకు పాడబుద్ధయితలేదు.” అది భూపాల్ గొంతు. “ఎవలన్న అడిగితే మా ఇంట్ల పెండ్లి చేస్తున్నరని చెప్పు.”

“పిల్ల ఎవలు?”

“ఇంకా సూడలే. ఎవతో ఒకతి దొరుకుతది తియ్.”

హాలంతా నవ్వింది. అందులో ఆనాటి యువతరం నిజాయితీ ఉందని కంపెనీవాళ్లు మెచ్చుకున్నారు. భూపాల్ నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

తిరుగు బస్సులో అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, అవి ఏదో పిల్లతనపు మాటలన్నాడు. పద్మప్రియ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్‌ను మడతపెడుతూ ఊకొట్టింది.

ఇంటికి రాగానే చెప్పులు విడిచి, ఫోన్‌లో ఆ చివరిది పెట్టి అత్త చెవి దగ్గర ఉంచింది. కొడుకు గొంతు గుర్తుపట్టి రాజమణి మురిసిపోయింది. ఆఖరి మాటకు మాత్రం మొహం చిట్లించింది.

“పాపం, ఎవలింటి పిల్లనో,” అంది.

“నేనే అత్తమ్మా.”

రాజమణి మళ్లొకసారి పెట్టమంది. ఆ ఆల్బమ్‌ను ఆ ఇంట్లో ఎవరైనా రెండోసారి అడగడం అదే మొదలు.