తొమ్మిదో ప్రశ్న

ఆసుపత్రి మూటలు విప్పే బల్ల దగ్గర మాట్లాడకూడదని లాండ్రీలో రూలేమీ లేదు గానీ, అక్కడ ఎవరూ మాట్లాడరు. మోచేతుల దాకా గ్లవ్స్, ముక్కుకి మాస్కు, కళ్ళు మాత్రం దుప్పట్ల మీద. నెత్తురు మరకలు చన్నీళ్ళ తొట్టిలోకి, మందు మరకలు పక్క తొట్టిలోకి. ఆమె ఆ బల్ల దగ్గర నిలబడబట్టి రెండేళ్ళు దాటింది. ఈ నాలుగు నెలల్లో మాత్రం గంటకోసారి బాత్రూముకి పరిగెత్తాల్సి వస్తోంది. తిరిగొచ్చినప్పుడల్లా సూపర్‌వైజరు ఆమె వంక కాదు, గోడ గడియారం వంక చూస్తాడు. ఊరందరి నెత్తురు మరకలూ వదిలించే మనిషి, తన మరక కనపడకుండా నడుముకి స్వెట్టర్ కట్టుకుని తిరగడం తలుచుకుంటే ఆమెకి ఒక్కోసారి నవ్వొస్తుంది.

ఆ రోజు టీ విరామంలో ఫోను చూసుకుంటే మెసేజి. ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు అనుమతి ఇవ్వలేదట.

గర్భసంచిలో గడ్డలున్నాయనీ, ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందనీ, ఇంక ఆలస్యం చెయ్యొద్దనీ డాక్టరమ్మ చెప్పి పది రోజులైంది. పరాయి దేశంలో కూలికొచ్చిన వాళ్ళకి ఇన్సూరెన్స్ కాదంటే డాక్టరు కూడా చేతులెత్తేసినట్టే. ఆమె షిఫ్టు అయ్యాక తిన్నగా ఆసుపత్రికి పోయింది. ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చునేది మన భాష అమ్మాయే.

"కార్డు బానే ఉందక్కా. మీ కంపెనీ కట్టాల్సింది కట్టింది. చిక్కంతా ఇక్కడుంది," అని కంప్యూటరు తెర ఇటు తిప్పింది. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన ఆరోగ్యం ఫారం. పద్నాలుగు ప్రశ్నలు. వరసగా పద్నాలుగింటికీ 'లేదు' దగ్గర టిక్కులు, దర్జీ కుట్టినంత తిన్నగా.

"తొమ్మిదోది చూడండి. గర్భసంచికి ఇంతకుముందు ఏదైనా చికిత్స గానీ ఆపరేషన్ గానీ అయిందా అని. లేదని పెట్టారు. డాక్టరుగారికేమో పదకొండేళ్ళ కిందట గడ్డ తీశారని మీరే చెప్పారు. స్కాన్‌లో పాత కోత కూడా కనపడింది. సంగతి దాచిపెట్టారని తిప్పికొట్టారు."

"అవుననుంటే అసలు ఇన్సూరెన్సే ఇచ్చేవాళ్ళు కాదేమో కదమ్మా?"

"అందరూ అలానే అనుకుంటారక్కా. అవునంటే, ఆ జబ్బు వరకూ ఒక ఏడాది ఆగమంటారు, అంతే. ఏడాది దాటాక దానికీ ఇస్తారు. మీకు రెండేళ్ళు దాటింది. నిజం రాసుంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయి ఇంట్లో పడుకునుండేవాళ్ళు. వాళ్ళకి జబ్బుతో పేచీ లేదు, దాచడంతోనే."

"ఇప్పుడేం దారి?"

"పదిహేను రోజుల్లో ఒక ఉత్తరం ఇవ్వాలి. ఫారంలో ఎందుకలా రాశారో చెప్పాలి. కావాలని చెయ్యలేదని నమ్మితే మళ్ళీ చూస్తారు. ఒక్కసారే వింటారక్కా, జాగ్రత్తగా రాయండి." ఆ అమ్మాయి తెరని కిందకి జరిపింది. "ఈ సంతకం మీదేగా?"

ఆమె పేరే. అక్షరాలు మాత్రం ఆమె భర్తవి. "ఉత్తరం తెస్తానమ్మా," అని బయల్దేరింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఫారం నింపిన సాయంత్రం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఆయన ఒక పెద్ద బిల్డింగుల కంపెనీలో స్టోర్‌కీపరు. కాగితాల పని కొట్టినపిండి. చుట్టుపక్కల మనవాళ్ళందరూ ఫారాలు పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. 'ఫారాల మాస్టారు' అని పేరు కూడా పెట్టారు. ఆ రోజు ఆయన ముందు గదిలో, ఆమె పొయ్యి దగ్గర. "షుగరుందా?" అని కేకేశాడు. లేదంది. "బీపీ?" లేదంది. "సర్లే, మిగతావి నాకు తెలుసుగా." సంతకం కోసం చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఫారం కవర్లోకి వెళ్ళిపోయింది. "నీ సంతకం ఒకసారున్నట్టు ఇంకోసారుండదు. తిప్పి పంపుతారు. నేనే పెట్టేశాలే." అప్పుడు ఆమెకి హాయిగానే అనిపించింది. ఒక పని తప్పింది కదా అని.

అతితెలివికి పోయి దాచాడు, అనుకుంది. ఇల్లు చేరేదాకా దెబ్బలాటకి మాటలు పోగుచేసుకుంటూనే ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళు కాదన్నదీ, ఉత్తరం అడిగిందీ చెప్పి నిలదీసింది.

"ఏమండీ, ఆరోగ్యం ఫారంలో తొమ్మిదో ప్రశ్నకి లేదని ఎందుకు పెట్టారు?"

"లేదు కాబట్టి పెట్టాను."

"నాకు ఆపరేషన్ అవలేదా?"

"పాప కాన్పుదా? కాన్పు జబ్బెలా అవుతుందే? కాస్త బుర్ర పెట్టి అడుగు."

"పాప కాదు. పాప కంటే ముందు."

ఆయన తలెత్తాడు. స్టోర్‌లో లేని సామానేదో అడిగితే అరల వెంట వెతికినట్టు, మొహంలో అలా వెతుక్కున్నాడు. "ముందా?"

ఆమె ఆ మొహంలో అబద్ధం కోసం చూసింది. ఒక్క కంట్లోనైనా, పెదవి చివరనైనా. దొరకలేదు. పాపకి ముందు కడుపుతో ఉన్నప్పుడు, అయిదో నెల అది. గడ్డ పెరిగి కడుపులో బిడ్డని ఉండనివ్వలేదు. బిడ్డ పోయాక కడుపు కోసి గడ్డ తీశారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆడపిల్లో మగపిల్లాడో కూడా ఎవరూ చెప్పలేదు. పోయినదాన్ని తలుచుకుంటే రాబోయేది కూడా నిలవదు, మర్చిపో అన్నారు అత్తగారు. మర్చిపో అంది సొంత అమ్మ. పాప పుట్టినప్పుడు ఆ పాత గీత మీదే మళ్ళీ కోశారు. మర్చిపోవడానికి ఆమె ఎంత ప్రయత్నించిందో ఆమెకే తెలుసు, చేత కాలేదు. ఆయనకి మాత్రం ఏ ప్రయత్నమూ అక్కర్లేకపోయింది. ఆయన అబద్ధమాడి ఉన్నా బాగుండేది. అబద్ధమాడాలన్నా ముందు నిజం గుర్తుండాలి కదా.

"ఆఁ... అదా," అన్నాడు చివరికి. "దాన్ని కూడా ఆపరేషన్ అంటారా? సర్లే, కంగారు పడకు. ఉత్తరం నేను రాసిస్తాను."

కూర్చుని పావుగంటలో రాసేశాడు. చదివి వినిపించాడు కూడా. ఫారం నింపేటప్పుడు తొందరలో పాత ఆపరేషన్ సంగతి మర్చిపోయాను, మన్నించండి అని.

"నేను మర్చిపోయానా?"

"ఎవరైతే ఏంటి? ఆడవాళ్ళు మర్చిపోయారంటే వాళ్ళూ ఇట్టే నమ్ముతారు. సంతకం నేను పెట్టానంటే ఈ దేశంలో ఊరుకుంటారా? నీ ఆపరేషన్ సంగతి దేవుడెరుగు, నా ఉద్యోగానికి ఎసరొస్తుంది. ఇంతమందికి నింపిపెట్టాను, నా పరువేం కావాలి?"

"వాళ్ళందర్నీ అడిగే నింపారా?"

ఆయన తల్లికి వీడియోకాల్ కలిపాడు. అత్తగారు సంగతి సగం విని సగం ఊహించి అందుకున్నారు. "వాడేమైనా కావాలని చేశాడా? ఒక్క మాట నీ మీద వేసుకుంటే నీ సొమ్మేం పోతుంది? మొగుణ్ణి తీసుకెళ్ళి ఆఫీసుల్లో పట్టిస్తావా? అయినా ఆడదన్నాక ఆ మాత్రం నెత్తురు పోకుండా ఉంటుందా? మేం పడలేదూ?"

మర్నాడు టీ విరామంలో ఆమె ఉతికిన దుప్పట్ల కట్ట మీద కూర్చుని, ఆయన ఉత్తరాన్ని తన చేత్తో ఎత్తిరాయడం మొదలుపెట్టింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇదే సులువు. ఇది ఇస్తే బహుశా ఒప్పుకుంటారు. నిజం రాస్తే ఆయన మీదికి ఏమొస్తుందో తెలీదు, ఇంట్లో తన బతుకేమవుతుందో తెలీదు. అంతా చేసి ఇన్సూరెన్స్ వాళ్ళు నమ్మకపోనూ వచ్చు. పొత్తికడుపులో మెలిపెట్టి లాగుతుంటే పళ్ళు బిగించి రాసుకుంటూ పోయింది. 'పాత ఆపరేషన్ సంగతి' దాకా రాసింది. తర్వాతి మాట దగ్గర చెయ్యి ఆగింది. రాద్దామని రెండుసార్లు పెన్ను ఆనించింది. ఆ బిడ్డ అయిదు నెలలు ఉందని గుర్తుపెట్టుకున్న మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు తనొక్కతే. ఆ ఒక్కతీ మర్చిపోయానని సంతకం పెడితే ఇంక ఉన్నట్టా, లేనట్టా?

షిఫ్టు అయ్యాక కౌంటర్ దగ్గరికి పోయింది.

"ఉత్తరం తెచ్చారా అక్కా?"

"ఒక తెల్లకాగితం ఇస్తావామ్మా? మన భాషలో రాస్తే ఒప్పుకుంటారా?"

"రాయండి. దాని కింద వాళ్ళ భాషలో నేను రాసిపెడతాను."

నిలబడే రాసింది. ఒక్క కొట్టివేత లేదు. కాగితం అటు తిప్పి గాజు కిందనుంచి లోపలికి జరిపితే ఆ అమ్మాయి మెల్లగా పైకే చదివింది.

"ఈ ఫారం నేను నింపలేదు. కింద ఉన్న సంతకం నాది కాదు. తొమ్మిదో ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని, తేదీతో సహా."