రెండు సీసాల తర్వాత

నిచ్చెన మీంచి పడి కడుపులో ప్లీహం చితికిన పెయింటర్‌ని ఉదయం పదింటికి ఆపరేషన్ బల్ల మీదికి చేర్చారు. ఇరవై గంటలుగా డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరమ్మకి కళ్లలో ఇసుక పోసినట్టుంది. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం ఇంకా రాలేదు. బీపీ జారిపోతుంటే ఆమె రక్తానికి బదులు స్టార్చ్ ద్రవం ఒక సీసా, వెంటనే ఇంకో సీసా ఎక్కించింది. బీపీ నిలబడింది. సర్జన్ ప్లీహం తీసేసి రక్తనాళానికి ముడి వేశాడు.

అంతటితో రక్తం ఆగాలి. ఆగలేదు. కోసిన చోటల్లా, చివరికి సూది గుచ్చిన చోట కూడా ఊరుతూనే ఉంది. ఆమె గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి గుప్పిట్లో పట్టుకుంది. పన్నెండు నిమిషాలయ్యాక వంచి చూస్తే, ఈపాటికి గడ్డ కట్టాల్సింది నీళ్లలా జారింది.

"బీపీ మళ్లీ పడుతోంది. ఇంకో సీసా పెట్టండి మేడమ్," అన్నాడు సర్జన్.

"పెట్టను సార్. అది రక్తనాళాలు నింపుతుంది గానీ, రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. ఇప్పటికే రెండు పోశాను."

"మరి బీపీ?"

"మందుతో పట్టుకుంటాను. గడ్డ కట్టించే ప్లాస్మా వచ్చేదాకా మీరు గుడ్డలతో అదిమి పట్టండి."

సర్జన్ మొహం గంటు పెట్టుకున్నాడు. అయినా అదిమి పట్టాడు.

నర్సు బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసింది. "బాబాయ్, రక్తంతో పాటు ఫ్రీజర్‌లోని ప్లాస్మా కూడా కరిగించి నువ్వే పట్టుకురా. లిఫ్టు పనిచెయ్యట్లేదు."

"నా మోకాళ్లూ అంతేనమ్మా," అన్నాడు బ్లడ్ బ్యాంకు పెద్దాయన. అయినా అరగంటలో ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు.

సంచులు ఒక్కొక్కటే ఎక్కాయి. మధ్యాహ్నానికి గుడ్డలు పొడిగా రావడం మొదలైంది. పెయింటర్‌ని ఐసీయూకి మార్చారు.

బయట బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. "గండం గడిచినట్టే," అంది డాక్టరమ్మ.

"ఇంతసేపెందుకు పట్టిందమ్మా?"

నోటికొచ్చిన ఏదో మాట చెప్పి వెళ్లిపోవచ్చు. డాక్టరమ్మ వెళ్లలేదు. "రక్తం వచ్చేలోపు నేనొక ద్రవం ఎక్కించాను. దానివల్ల రక్తం త్వరగా ఆగలేదు."

"ఎక్కించకపోతే?"

"అప్పుడే పోయేవాడు."

ఆవిడ చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని పక్కకి జరిగింది.

"కాసేపు కూర్చోండి. నిద్ర లేనట్టుంది మీకు."

డాక్టరమ్మ కూర్చుంది. ఐసీయూకి వెళ్లి ఒకసారి చూడాలి. లేద్దామనుకుంటూనే గోడకి తల ఆనించింది.