పదిహేను వారాలు

“ఆ చేతులతోటి బియ్యం ముట్టకు” అంది మా అత్త సాలమ్మ.

నాలుగేళ్లుగా ఆ చేతులతోనే వండి పెడుతున్నాను. శామీర్‌పేట దగ్గర మందుల పరిశోధనశాలలో ఎలుకల బోనులు కడిగే పని నాది. ఐదింటికి లేచి, వంట ముగించి, అందరి డబ్బాలు సర్ది సూరారంలో కంపెనీ బస్సు ఎక్కేదాన్ని. అన్నాళ్లూ ఎవరికీ గుర్తుకురాని నా చేతులు ఐదో నెల స్కానింగ్ తర్వాత గుర్తొచ్చాయి.

బిడ్డకు పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొరలో రంధ్రం ఉందట. పేగులు పైకెక్కి, ఊపిరితిత్తులకు ఎదిగే చోటు లేకుండా చేశాయట. “ఎలుకల నడుమ తిరిగితే గిట్లనే అయితది” అంది అత్త. ఎలుకల వల్ల కాదని డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్న నా భర్త వీరేందర్, వాళ్లమ్మతో ఆ మాట అనలేదు. నాతో మాత్రం, “ఎవ్వరికి జెప్పకు, ఇజ్జత్ పోతది” అన్నాడు.

ఆ జబ్బు నాకు కొత్త కాదు. మా దగ్గర అదే లోపమున్న పిల్లల్ని మోసే ఎలుకలకు, కడుపులోనే ఊపిరితిత్తుల్ని పెంచే మందు ఇచ్చి చూస్తున్నారు. పుట్టిన కూనల్లో కొన్ని చక్కగా ఊపిరి తీసేవి. బోనుల్లో పొట్టు మారుస్తూ, వాటి పక్కటెముకలు లేచి పడటం చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఒకరోజు శాస్త్రవేత్త శోభారాణి మేడమ్‌ను ఆపి అడిగాను. “మేడం, గా మందు నాకియ్యరాదుండ్రి? ఏమన్నయితే నేనే జిమ్మేదారి.”

“మనుషులకు ఇంకా ఇవ్వకూడదు పద్మలతా. తల్లికేమవుతుందో, బిడ్డకేమవుతుందో మాకే తెలీదు. ఏళ్లు పడుతుంది.”

“నాకు పదిహేను వారాలే ఉన్నయి మేడం.”

ఆమె కళ్లు తుడుచుకుంది. నేను వెళ్లి మిగిలిన బోనులు కడిగాను.

ఇంట్లో గిన్నెలు తోముతుంటే లోపల బిడ్డ తన్నేది. ఊపిరితో పనిలేని చోట హాయిగా ఉంది, అక్కడే ఉండిపోతే బాగుండు అనిపించేది. నా ఒంటి గురించి మాటనే హక్కు ఆ ఇంట్లో అందరికీ ఉంది. భయం మాత్రం నా ఒక్కదానిదే.

ఆడపిల్ల. నలభై నిమిషాలు బతికింది.

పిల్లల డాక్టరు భాస్కర్ నా మంచం పక్కన కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక డాక్టరు వీరేందర్ వైపు కాక నా వైపు చూసి అడిగాడు: పాప ఊపిరితిత్తుల్ని పరిశోధనకు ఇస్తారా అని.

“కొయ్యద్దు సార్. జల్దీ బొంద వెడ్తం” అన్నాడు వీరేందర్.

“సచ్చినదాన్ని గూడ కోయిస్తవా? నువ్వు తల్లివేనా?” అంది అత్త నాతో.

“కాయితం ఇయ్యుండ్రి సార్” అన్నాను.

బిడ్డ పేరు రాయాల్సిన చోట కలం ఆగింది. “పేరెందుకు? ఇగ లేదు గదా” అన్నాడు వీరేందర్.

బిందు అని రాశాను. కింద సంతకం పెట్టి కాగితం డాక్టరుకు ఇచ్చాను.

“ముందుగాల నా బిడ్డను నా ఒళ్లె వెట్టుండ్రి. నేను జెప్పినంక తీస్కపోండ్రి.”