వెల్డింగు షెడ్డులో జత

మా బడిలో తొమ్మిదో తరగతి దాటాక చేతిపని కోర్సు ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేనూ, మా పిన్ని కూతురు చిట్టీ వెల్డింగుకి పేర్లిచ్చాం. ముందు ఉబలాటపడింది అదే. తీరా కొన్నాళ్ళకి, ముఖం నల్లబడుతుందని పిన్ని గొణిగేసరికి కంప్యూటర్ల గదికి చెక్కేసింది. ఆరంభశూరత్వం అంటే ఇదే.

పోతే పోయిందిలే అనుకుందామంటే కుదరదు. షెడ్డులో ఎవరినీ ఒంటరిగా వెల్డింగు చెయ్యనివ్వరు. ముసుగు దించుకున్నాక ఆ వెలుగు తప్ప ఇంకేమీ కనపడదు. నిప్పురవ్వ ఎక్కడ పడిందో చూడడానికి వెనక ఇంకొకరు ఇసుక బకెట్టుతో నిలబడాలి. మగపిల్లలు ఎప్పుడో జతలు కట్టేశారు. నాకు ఎవరూ మిగల్లేదు. ఇనుప ముక్కలకి తుప్పు గీకుతూ ఓ మూల కూర్చునేదాన్ని. శుక్రవారం పరీక్షకి జత లేకపోతే నన్ను కూడా కంప్యూటర్లకి పంపేస్తామన్నారు మాస్టారు. నాకేమో ఈ పనే కావాలి.

చిట్టిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. ఆ ఒక్కరోజుకీ సరేనంది. వచ్చింది కూడా, కొత్త స్నేహితురాళ్ళని గుమ్మం బయట నిలబెట్టి.

ముసుగు దించి మొదలుపెట్టాను. దాని ముఖం కనపడటం లేదన్న ధైర్యంతో, ఆ చిటపటల మధ్యే మనసులో ఉన్నదంతా కక్కేశాను.

“నువ్వు లేకపోతే ఇక్కడ నన్ను పలకరించే దిక్కే లేదే. తిట్టుకుందాం, కొట్టుకుందాం, మళ్ళీ వచ్చెయ్యవే.”

జవాబు లేదు. ఆలోచిస్తోంది కాబోలు అనుకున్నాను. ఆ ఆశతోనేమో, అతుకు నున్నగా పడింది.

ముసుగెత్తి వెనక్కి తిరిగాను. బకెట్టు పట్టుకుని మాస్టారు నిలబడి ఉన్నారు.

“నువ్వు మొదలుపెట్టగానే వాళ్ళెవరో పిలిచారమ్మా. బకెట్టు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది,” అన్నారు మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అంతా విన్నారు. మాట మార్చడానికి కాబోలు, అతుకుని సుత్తితో కొట్టి చూశారు. ఊడలేదు.

“సోమవారం నుంచి నీ వెనక నేనుంటాలే. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు.”

నేను కోరుకున్నది అదే. షెడ్డులో నా చోటు నాకు దక్కింది. కిటికీ అవతల చిట్టి ఎవరితోనో పకపకా నవ్వుతోంది. అది ఇక రాదు. సరే మాస్టారూ అన్నాను గానీ, ఎంత దిగమింగుకున్నా ఏడుపు ఆగలేదు.