అడుగు లేని కారు

తెప్ప కొనడంలో సన్యాసిరావు అంత అనుమానపు మనిషి ఆ తీరంలో ఇంకొకడు లేడు. ముందు బోర్లించమంటాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలి కణుపులతో కొట్టుకుంటూ పోతాడు. చెవి ఆనించి వింటాడు. ఎక్కడన్నా డొల్ల మోత వచ్చిందంటే, అమ్మేవాడు సొంత మేనమామ అయినా సరే, తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు.

అలాంటి మనిషి టెక్కలిలో పాత కారు కొనడానికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అమ్మేవాడు తారకేశ్వరరావు, ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన కుర్చీ వేయించాడు, స్టీలు గ్లాసులో కాఫీ ఇప్పించాడు. సగం బేరం అక్కడే అయిపోయింది. మన జనం ఇంతే. పట్నం మనిషి కుర్చీ చూపిస్తే చాలు, కూర్చున్నంతసేపూ మెదడు గేటు బయట చెప్పుల దగ్గర వదిలేస్తారు.

"సింగిల్ హ్యాండ్ కారయ్యా. ఆఫీసుకి, అరసవల్లి గుడికి తప్ప ఎక్కడికీ తిరగలేదు. వాన పడితే అసలు బయటికే తియ్యను. అంత ప్రాణం నాకు ఈ కారంటే" అన్నాడు తారకేశ్వరరావు.

లోపల మల్లెపూల వాసన సీసా. పాట వింటే గుండె అదిరే స్పీకర్లు. ముందర అద్దం దగ్గర వెండి రంగు వినాయకుడు. కాళ్ల కింద కొత్త రబ్బరు చాప.

బామ్మర్ది పోలారావు మోచేత్తో పొడిచాడు. "బావా, ఓపాలి ఒంగి కింద సూడు."

"నోరు మూయిరా. కాపీ ఇచ్చిన పెద్దమనిసి కారు కిందకి దూరితే ఏటనుకుంతారు?"

ఒంగి దండం పెట్టడానికి లేని సిగ్గు, ఒంగి చూడటానికి వచ్చింది. ఉన్న రెండు వలల్లో ఒకటి అమ్మిన డబ్బు ఆయన చేతిలో పెట్టి, ఒంగి దండం కూడా పెట్టి, కారు ఎక్కాడు.

కారు వాళ్లకి షోకు కాదు. సన్యాసిరావు పెళ్లాం అసిరమ్మకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవడూ ఉలిక్కిపడడు, వాడింట్లోనూ ఒకరుంటారు కాబట్టి. మంగళవారం, గురువారం, శనివారం పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఆటోలో ఆ గతుకుల్లో వెళ్లి రావాలి. ఒకసారి ఆటోవాడు చెప్పకుండా పెళ్లికి పోతే ఆ వంతు తప్పింది. ఊపిరాడక, పడుకుంటే ప్రాణం పోతుందేమోనని, తెల్లార్లూ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ పొద్దునే సన్యాసిరావు కారు కొంటానన్నాడు. నడపడం వచ్చు. చేపల వేట కోసం గుజరాత్ పోయినప్పుడు వీరావల్‌లో ఏడాది ఐసు బండి నడిపిన చెయ్యి అది.

మొదటి మంగళవారం. రాత్రంతా వాన. దారిలో కల్వర్టు దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. ఆ కల్వర్టు ఎత్తు పెంచుతామని చెప్పి వెళ్లిన పెద్దల కార్లు మాత్రం చాలా ఎత్తుగా ఉంటాయి, వాళ్లకి తడవదు. సన్యాసిరావు కారుని మెల్లగా నీళ్లలోకి దించాడు.

"మావా, కాళ్లు తడుత్తన్నాయి" అంది అసిరమ్మ.

"కిటికీ ఎత్తీ."

"కిటికీలోంచి కాదు మావా. కింద నుంచి."

రబ్బరు చాప తేలింది. దాని కింద అన్నం పళ్లెం అంత చిల్లు. మీద రేకు ముక్క పెట్టి తారు పూశారు, ఆ రేకు కాస్తా ఊడి కల్వర్టు కిందకి పోయింది. అసిరమ్మ టిఫిను గిన్నె మూత తీసి, తెప్పలోకి నీళ్లు వస్తే తోడినట్టు, కిటికీలోంచి తోడి పోసింది.

"డాకటేరు నాకు రోజుకి అరలీటరు దాటి తాగొద్దన్నాడు. ఈ దిక్కుమాలిన కారు సూడు, ఒక్కపాలే బిందెడు తాగీసింది" అంది.

వాన పడితే కారు బయటికి ఎందుకు తియ్యడో అప్పుడు తెలిసింది. పలాస నుంచే సన్యాసిరావు ఫోను చేశాడు.

"కారు రోడ్డు మీద నడపాలయ్యా, చెరువులో కాదు. కొనేటప్పుడు చూసుకోవాల్సింది నువ్వు" అని పెట్టేశాడు తారకేశ్వరరావు. దొంగమాట అయినా చివరి ముక్క నిజం. అందుకే ఎక్కువ మండింది.

వెల్డింగు చేసేవాడు నాలుగు రోజులు కారు వదిలి వెళ్లమన్నాడు. గురువారం వంతు ఎలా? అసిరమ్మని తీసుకుని తడిసిన కారులోనే ఇంటికొచ్చాడు సన్యాసిరావు.

"నాలుగు రోజులేటి బావా? తెప్పకి సిల్లు పడితే మనం ఎవుడి దగ్గిరకి ఎల్తన్నాం?" అన్నాడు పోలారావు.

బుధవారం పొద్దున్న ఊళ్లోవాళ్లు పన్నెండు మంది కారుని ఇసకలోకి తోశారు. పక్కన పాత వలలు కుప్ప పోశారు. మోకులు కట్టి, హైలేసా అని ఒక్క ఊపు ఊపి, కారుని ఆ వలల మీదకి పక్కకి పడుకోబెట్టారు. సన్యాసిరావు అప్పుడు చూశాడు కారు అడుగు. కణుపులతో కొట్టుకుంటూ పోయాడు. పెద్దమనిషి కారు అడుగంతా డొల్లే! తుప్పు గీకి, ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ బంక పూసి, మళ్లీ గుడ్డ, మళ్లీ బంక. సాయంత్రానికి రాయిలా గట్టిపడింది. కారుని మళ్లీ చక్రాల మీద నిలబెట్టారు, ఊరంతా మురిసిపోయింది.

తెప్పని బోర్లించే ముందు ఇంజిను విప్పి పక్కన పెడతారు. అది ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ కారుకి కూడా పొట్టలో ఇంజినుందని ఆ పన్నెండు తలకాయల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఆయిలు కారింది, బ్యాటరీలో నీళ్లు కారాయి, అన్నీ ఇసక తాగింది.

గురువారం వేకువన తాళం తిప్పితే 'టక్' మంది. ఇంకోసారి 'టక్'. అంతే. ఎనిమిదికల్లా పలాసలో ఉండాలి.

అసిరమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. కాళ్లు ఉబ్బాయి. మాట మాటకీ ఆయాసం. "నాను దిగను. ఎక్కిచ్చింది మీరు. తీసుకెల్లాల్సిందీ మీరే."

పోలారావు తెప్ప ఇంజినుకి పోసే ఆయిలు తెచ్చి పోశాడు. పన్నెండు మందీ మళ్లీ వచ్చారు. ఇసకలో చక్రాలు దిగబడుతుంటే కొబ్బరి మట్టలు పరిచి, తెప్పని నీళ్లలోకి దించినట్టే, తారు రోడ్డు దాకా కారుని తోశారు.

"ఒరే పోలా, మీయప్ప లోపలుంది, ఊపకండిరా!"

"నువ్వు తిన్నగా తిప్పు బావా! వలేత్తన్నావా, కారు నడుపుతున్నావా?"

రోడ్డెక్కాక రెండో గేరులో ఒక్కసారి క్లచ్ వదిలాడు. కారు దగ్గింది, ఎగిరింది, ఇంజిను అందుకుంది. వెనక నుంచి లేచిన తెల్లటి పొగలో తోసినవాళ్లు పన్నెండు మందీ కనపడకుండా పోయారు.

కల్వర్టు మీద నీళ్లు అలాగే ఉన్నాయి. కారు దిగింది, ఎక్కింది. అసిరమ్మ ఒంగి అరచేత్తో అడుగు తడిమింది. పొడిగా ఉంది. ఎనిమిదీ పదికి ఆమె మంచం మీద ఉంది, చేతికి గొట్టాలు పెట్టారు.

గంట తర్వాత, మంచం పక్కన నిలబడ్డ సన్యాసిరావు ఫోను మోగింది. తారకేశ్వరరావు.

"ఆ వినాయకుడి బొమ్మ కారులోనే మర్చిపోయామయ్యా. మా ఆవిడకి సెంటిమెంటు. కాస్త తెచ్చి ఇచ్చేద్దూ."

"అలాగే బాబూ, నానే అట్టుకొచ్చి..." అంటూ సన్యాసిరావు అలవాటుగా ఒదిగిపోయాడు.

అసిరమ్మ గొట్టాలు లేని చేత్తో ఫోను లాక్కుంది.

"బొమ్మ ఉంది బాబూ. సీటు కిందకి దొర్లిపోనాది. మీరే మా ఊరొచ్చి, ఒంగి తీసుకోండి. ఆ ఒంగినోళ్లు ఒంగినట్టే కారడుగు కూడా ఓపాలి సూసెల్లండి."

ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసింది. అతను రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సేతులు దించు మావా. ఆడిక్కడ లేడు."