సర్కారు మింగిన గంట

నేను ఒక గోడ గడియారాన్ని. టేకు చెక్క పెట్టె, ముందు అద్దం తలుపు, లోపల ఇత్తడి లోలకం. వారానికోసారి తాళం తిప్పితే చాలు, ఎవరినీ ఇంకేమీ అడగను. అయినా నా గుణం ముందే చెప్పేస్తాను. నాకు అసూయ ఎక్కువ. గోడకి వేలాడేవాళ్ళందరికీ ఉంటుందేమో తెలియదు. మమ్మల్ని అందరూ చూస్తారు, ఎవరూ ఒళ్ళో పెట్టుకోరు.

నన్ను ఎక్కడో సముద్రాల అవతల చేశారు. ఓడలో భీమిలి రేవుకి వచ్చి, జనపనార వ్యాపారం చేసే ఒక దొరగారి హాల్లో చాలాకాలం ఉన్నాను. ఆ దొరసాని వెళ్ళిపోయేరోజు కుక్కని కౌగిలించుకుని ఏడ్చింది. నావైపు చూడలేదు. అప్పటినుంచీ ఎవరు పెట్టె సర్దినా నాకు లోపల స్ప్రింగు బిగుసుకున్నట్టు ఉంటుంది. వేలంలో నన్ను విజయనగరం అప్పలనరసయ్య కొన్నాడు. అతను ఊరి బయట జనపనార మిల్లులో గేటు గుమాస్తా. ఇంట్లో తల్లి పైడమ్మ, భార్య కాంతం, పెళ్ళయి ఇంకా కాపరానికి వెళ్ళని చెల్లెలు నీలవేణి.

ఆ ఇంట్లో నేను మహారాజులా ఉండేవాణ్ణి, యుద్ధం వచ్చేదాకా. సర్కారువారు దేశంలోని గడియారాలన్నిటినీ ఒక గంట ముందుకు జరపమన్నారు. అలా చేస్తే పగటి వెలుతురు ఆదా అవుతుందట. అప్పలనరసయ్య స్టూలెక్కి నా ముల్లు తిప్పాడు. పైడమ్మ కింద నిలబడి చూసింది.

"ఆ గంట ఏటయినట్టురా?" అంది.

"ఏటీ అవలేదమ్మా. సర్కారోడు ముందుకి జరిపినాడు."

"జరపడం కాదు, మింగీసినాడు. యుద్ధానికి బియ్యం అయిపోనాయి, కిరసనాయిలు అయిపోనాది, ఇప్పుడు పొద్దు కూడా కావాలొచ్చిందేటి?"

ఆ రోజునుంచి నేను ఇంట్లో పరాయివాణ్ణయ్యాను. నా మాట మిల్లుకీ రైలుకీ పనికొచ్చేది. తులసికోట దగ్గర దీపానికీ, వంటకీ, వర్జ్యానికీ రాహుకాలానికీ వంటింటి గూట్లో ఇంకొకడున్నాడు. నీలవేణి మొగుడు సన్యాసిరావు ఖరగ్‌పూర్ నుంచి తెచ్చిన టైంపీసు. అరచేతిలో పట్టేంత, రేకు ఒళ్ళు, నడిస్తే వచ్చే చప్పుడు పళ్ళు కొరుకుతున్నట్టుండేది. దాన్ని పాత టైములోనే ఉంచారు. నన్ను "సర్కారు టైము" అనేవారు. దాన్ని "మన టైము" అనేవారు. నీలవేణి దాన్ని రోజూ పమిట చెంగుతో తుడిచేది. నా అద్దం మీద ఈగల మరకలు అలాగే ఉండేవి.

ఎవరైనా "రాహుకాలం ఎప్పుడు?" అని నావైపు చూస్తే పైడమ్మ ఊరుకునేది కాదు. "సర్కారోడు గంట జరిపితే రాహువు జరుగుతాడేటి? వంటింట్లో సూడు" అనేది. లోకం నవ్వినా నేను నవ్వలేదు.

ఇలా ఉండగా సన్యాసిరావు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఇల్లు దొరికింది. అతనితో రైలు కార్ఖానాలో పనిచేసేవాడొకడు పెళ్ళాం పిల్లలతో ఆదివారం సాయంత్రం అయిదింటి బండిలో వెళ్తున్నాడు, ఆ తోడులో నీలవేణిని పంపమన్నాడు. ఆ తోడు తప్పితే మళ్ళీ ఎప్పుడో.

పైడమ్మ కూతురితో మాట్లాడటం మానేసింది. కోపం కాదు. మాట్లాడితే ఏడుపొస్తుందని. చివరికి ఒక ఎత్తు వేసింది.

"ఆదివారం అయిదంటే రాహుకాలం. గుంటని పంపను."

కాంతం పప్పు చెరుగుతూ తలెత్తకుండానే అంది, "సర్కారు అయిదంటే మన టైములో నాలుగే కదత్తా. రాహుకాలం ఇంకా మొదలవదు. సర్కారోడు జరిపితే రాహువు జరుగుతాడేటని నువ్వే అంతావు."

"రైలు సర్కారుదే కదే. సర్కారు రైలెక్కినోళ్ళకి సర్కారు రాహువే."

ఇన్నాళ్ళకి ఆమె నా పక్షం వచ్చింది. నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. కానీ అప్పలనరసయ్య దానికీ దారి చెప్పాడు. "పొద్దున్న మంచి గడియలో పరస్థానం పెట్టీండి. అక్కడితో గొడవ వొదిలిపోద్ది."

మంచి గడియలో మనిషి బయల్దేరడం కుదరకపోతే, ఆ మనిషి సామాను ఒకటి ఆ గడియలో గడప దాటించి పొరుగింట్లో పెడతారు. దానితో ప్రయాణం మొదలైనట్టే. ఆ సామాను మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, వెళ్ళేటప్పుడు దారిలో తీసుకుపోవాలి. ఆదివారం ఉదయం నీలవేణి తన టైంపీసుని పసుపు గుడ్డలో కట్టి, తూర్పువైపు గౌరమ్మగారింట్లో పెట్టి వచ్చింది. ఇంట్లో ఇన్ని వస్తువులుండగా పరస్థానానికి కూడా అదే కావలసివచ్చింది.

పోనీలే, ఇల్లు నాకు మిగిలింది అనుకున్నాను. ఆదివారం కాబట్టి మిల్లు సైరన్ కూడా లేదు. ఆ పూట ఆ ఇంటికి నేనే సూర్యుణ్ణి.

భోజనాలయ్యాక పైడమ్మ చప్పుడు కాకుండా స్టూలు తెచ్చింది. నా అద్దం తలుపు తీసి, ముల్లుని ఒక గంట వెనక్కి తిప్పింది. బండి తప్పిపోవాలి, అంతే. దిగేటప్పుడు నా పెట్టె మీద చెయ్యి ఆనించి క్షణం ఆగింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

కానీ నా ముల్లు వెనక్కి వెళ్తుంది గాని, గంటలు కొట్టే చక్రం వెనక్కి వెళ్ళదు. కాసేపటికి ముల్లు రెండు చూపిస్తుంటే నేను మూడు కొట్టాను. వంటింట్లో పులిహోర కలుపుతున్న కాంతం లెక్కపెట్టుకుంది. వచ్చి చూసింది. స్టూలు చూసింది. అత్తగారిని ఏమంటుంది? నా లోపల గంట కొట్టే సుత్తిని మోగకుండా వేలితో పట్టుకుని, ముల్లుని గంట ముందుకు నెట్టి వెళ్ళిపోయింది.

భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ అప్పలనరసయ్య కూడా తల్లి స్టూలు దిగడం చూశాడు. తల్లిని ఏమంటాడు? జట్కా మాట్లాడి వచ్చాక, ఎవరూ లేనప్పుడు, అతనూ సుత్తి పట్టుకుని ముల్లుని ఇంకో గంట ముందుకు నెట్టాడు. ఆ ఇంట్లో గౌరవమంటే నోరు విప్పకపోవడం. ఒక్క మధ్యాహ్నంలో ముగ్గురి చేతులు నామీద పడ్డాయి. అంత సుఖం నేను ఎన్నడూ ఎరగను.

కాసేపటికి పైడమ్మ తలెత్తి నన్ను చూసి నిర్ఘాంతపోయింది. తప్పువైపు తిప్పానా అన్నట్టు తన చేతిని తానే తిప్పి చూసుకుంది. ఎవరిని అడుగుతుంది? అప్పటికే "టైమైపోతంది, టైమైపోతంది" అంటూ అప్పలనరసయ్య ట్రంకుపెట్టె జట్కాలో పెట్టాడు. నీలవేణి గుమ్మం దగ్గర ఆగి ఇల్లంతా ఒకసారి చూసింది. నన్ను కూడా చూసింది, టైము కోసం.

తరవాతది నేను చూడలేదు. మర్నాడు నా కింద కూర్చుని కాంతం గౌరమ్మగారికి చెబుతుంటే విన్నాను.

స్టేషన్‌కి తోడు వెళ్ళేవాళ్ళు కాదు కదా, ప్రయాణికులెవరూ ఇంకా రాలేదు. అక్కడి గడియారం నాలుగు చూపిస్తోంది. పైడమ్మ పసుపు మూట విప్పి టైంపీసు చూసింది. అది మూడంది.

"మనింటి లెక్కకి అయిదు, ఇక్కడ నాలుగు, దీన్లో మూడు. ఒక్క పొద్దుకి మూడు టైములేటే?" అంది.

కాంతం, అప్పలనరసయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పైడమ్మే, "నాను ఎనక్కే తిప్పినాను నాయినా, ముందుకెలాగ పోనాది?" అంది. ఆ మాటతో ముగ్గురి గుట్టూ బయటపడింది. నీలవేణి ట్రంకుపెట్టె మీద కూలబడి నవ్వింది. తల్లి కూడా నవ్వింది. అలా నవ్వుతూనే కూతుర్ని దగ్గరికి లాక్కుని, హడావిడిలో వంకరగా వేసుకున్న జడ విప్పి, చిక్కు తీయడం మొదలుపెట్టిందట. చేతిలో దువ్వెన లేదు, వేళ్ళతోనే. అన్ని రోజులు దాచుకున్న మాటలన్నీ ఆ జడతో పాటు అల్లింది. అక్కడ నీళ్ళు మరిగించి తాగమంది. మొగుడు కసిరితే వెంటనే ఏడవకు, కాస్సేపు ఆగి ఏడువు అంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని నలుగురూ తిన్నారు. టైంపీసు పైడమ్మ ఒళ్ళోనే ఉంది.

"ఏ గంటయితే సర్కారోడు మింగినాడో," అందట పైడమ్మ, "అది ఇక్కడ కక్కినాడే."

ఆ తరవాత తోడువాళ్ళు వచ్చారు, బండి వచ్చింది. కూతురు ఎక్కింది. టైంపీసూ ఎక్కింది.

నీలవేణి మళ్ళీ రాకపోలేదు. పురుళ్ళకి వచ్చింది, పిల్లలతో వచ్చింది. కానీ వచ్చినప్పుడల్లా ఒకడికి జ్వరం, ఒకడికి పాలు. ఆ తల్లీకూతుళ్ళకి మళ్ళీ అంత తీరిక చిక్కడం నేను చూడలేదు.

యుద్ధం ముగిసింది. సర్కారు పాత టైము తిరిగి ఇచ్చింది. ఈసారి అప్పలనరసయ్య ముల్లు వెనక్కి తిప్పలేదు, బుద్ధి వచ్చింది. లోలకం పట్టుకుని ఆపేశాడు. "గంటసేపు అలాగుంటే సరిపోద్ది. ఇదిగోనమ్మా, నీ గంట నీకిచ్చీసినాడు సర్కారోడు" అన్నాడు.

పైడమ్మ గడప మీద కూర్చుని నావైపు చూసింది.

"మనం అది ఎప్పుడో వాడీసుకున్నాం నాయినా" అంది.

ఆ గంటంతా ఇంట్లో చప్పుడు లేదు. ఆమె కూర్చునే ఉంది, నేను ఆగే ఉన్నాను.

ఇప్పుడు నేను మూడు కోవెళ్ళ వీధిలో ఒక రిపేరు కొట్టు వెనక గదిలో, ముల్లు విరిగి, గోడకి ఆనించి ఉన్నాను. కొట్టుకి వచ్చినవాళ్ళు మాట్లాడుకుంటే విన్నాను. కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారట. అక్కడి గడియారాలకి ఏడాదికి రెండుసార్లయినా మనిషి చెయ్యి తగులుతుందన్నమాట. వాటినీ తలుచుకుని కుళ్ళుకుంటాను. కానీ వాటికంటే, జేబులో పెట్టుకునే ఫోన్లకంటే, నా కుళ్ళంతా ఇప్పటికీ ఆ రేకు టైంపీసు మీదే. ఆ గంట నాది. నా ముల్లు తిరిగితేనే పుట్టింది. అది వాళ్ళ ఒళ్ళో కూర్చుని చూసింది, నేను గోడ మీదినుంచి ఖాళీ ఇల్లు చూశాను.