అవతలివాడి డైలాగులు

మా బావ రామమోహన్‌కి నేనంటే గిట్టదు. నాకూ ఆయనంటే అంతే. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరి మధ్యా ఏనాడూ అపార్థం లేదు. మోకాలి ఆపరేషన్ అయిన నన్ను మా అక్క సుమతి లాస్ ఏంజిలస్ నుంచి ఇర్వింగ్‌కి లాక్కొచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. లేకపోతే ఆ మనిషి టేబుల్ ముందు కూర్చుని నేను ఉప్మా తినడమేమిటి?

నేను టీవీ నటుణ్ని. అమెరికన్ టీవీ. పేరు హరనాథ్. తెర మీద హ్యారీ నాథ్ అని పడుతుంది, అదీ అందరి పేర్లూ అయిపోయి జనం పడుకునే ముందు పళ్లు తోముకోవడానికి లేచాక. మీరు నన్ను చూసే ఉంటారు, ఎక్కడ చూశారో మాత్రం గుర్తుండదు. ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చి, మాస్కు కిందికి లాగి, తల అడ్డంగా ఊపే డాక్టర్ని నేనే. హంతకుణ్ని వెనక సీట్లో ఎక్కించుకుని అద్దంలో అనుమానంగా చూసే క్యాబ్ డ్రైవర్ని నేనే. మోటెల్‌లో తాళంచెవి ఇచ్చేవాణ్ని, రాయబారిని, గ్రీకు చెప్పుల వ్యాపారిని, ఇరాన్ జనరల్‌ని, ఒకసారి మెక్సికన్ ఫాదర్‌ని కూడా. ఇక శవంగా ఎన్నిసార్లు పడుకున్నానో నాకే తెలీదు. ఊపిరి బిగబట్టడంలో నాకు మంచి పేరుంది.

ఈ దేశానికి నన్ను రప్పించింది, పైపులైన్ల కంపెనీలో ఇంజనీరుగా చేసిన బావే. ఇక్కడి యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిస్తానని మా వాళ్లకి మాటిచ్చి తీసుకొచ్చాడు. నేను మధ్యలో చదువు ఎగ్గొట్టి, నాటకాల వాళ్లతో కలిసి కాలిఫోర్నియా చెక్కేశాను. ఊళ్లో ఉన్న నలుగురు తెలుగువాళ్ల ముందూ ఆయనకి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి నేను ఆ ఇంట్లో 'వేషగాణ్ని'. గుడిలో ఎవరైనా మీ బావమరిది ఏం చేస్తాడని అడిగితే, ఏదో బిజినెస్ అని చెప్పేవాడట.

మేనల్లుడు అనూప్ మాత్రం నా పార్టీ. చిన్నప్పుడు నాకు ఫోన్ చేసి, మామయ్యా ఈ వారం చచ్చిపోతున్నావా బతుకుతున్నావా అని అడిగేవాడు. వాడు మిడిల్ స్కూల్లో ఉండగా నేనొక సీరియల్లో విమానం హైజాక్ చేశాను. అప్పుడు మా రంగువాళ్లకి దొరికేవన్నీ అలాంటి వేషాలే, చేశాను. ఆ వారంతో అనూప్ ఫోన్లు ఆగిపోయాయి. స్కూల్లో ఎవరో అడిగితే 'ఆయన మాకేమీ కాడు' అన్నాడని తర్వాత తెలిసింది. చిన్నపిల్లాడు, భయపడి ఉంటాడులే అని మింగేశాను. మింగానన్నమాటే గానీ, అది ఇప్పటికీ అరగలేదు.

ఇర్వింగ్‌లో కాలు చాపుకుని కూర్చున్న నాకు మా ఏజెంట్ లారెన్ నుంచి మెయిల్ వచ్చింది. ఇక్కడే మోరిస్‌విల్ అనే ఊళ్లో ఉండే తెలుగు కుటుంబం మీద కొత్త సీరియల్. రాస్తున్నది ఇషిత అని అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. అందులో శేషగిరి అనే రిటైరైన ఇంజనీరు, లోకంలో ఎవరితోనూ పడనివాడు. ఒక ఎపిసోడ్ కాదు, సీరియల్ మొత్తం ఉంటాడు. ఇన్నేళ్లలో నేను వేసిన పాత్రలకి 'రెండో డాక్టర్', 'డ్రైవర్' అనేవే పేర్లు. వీడికి పేరుంది, ఇంటిపేరుంది, కోపం రావడానికి కారణం కూడా ఉంది. నాకు డెబ్బై దగ్గర పడుతోంది. ఈ వేషం తప్పిపోతే నాకిక మిగిలేవి శవాలే. అది నాకు తెలుసు, లారెన్‌కీ తెలుసు.

ఈ రోజుల్లో ఆడిషన్‌కి ఎవరూ పిలవరు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, సీన్ మనమే రికార్డ్ చేసి పంపాలి. మన ఎదుటివాడి డైలాగులు ఇంకొకరు ఫోన్ వెనక కూర్చుని చదవాలి. వాళ్ల ముఖం కనపడదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. రీడర్ అంటారు. వాళ్లు ప్రాణం పెట్టి చదివితే మన మొహంలో ప్రాణం వస్తుంది. చచ్చినట్టు చదివితే మనమూ చస్తాం. లాస్ ఏంజిలస్‌లో అయితే దానికి నాకొక నేస్తం ఉన్నాడు. ఇక్కడ అక్క కంటికి శుక్లాల ఆపరేషన్ అయి నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతోంది, అక్షరం కనపడదు. టేప్ సాయంత్రానికల్లా పంపాలి. ఇంట్లో ఇక ఉన్నది ఒక్కడే.

అక్క ఆయన్ని ఎలా ఒప్పించిందో తెలీదు. ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని, ఏదో దస్తావేజు మీద సాక్షి సంతకానికి పిలిస్తే వచ్చినట్టు వచ్చి కూర్చున్నాడు. సీన్ చిన్నది, ఇంగ్లీష్‌లోనే. శేషగిరి గరాజ్‌లోకి పాత స్నేహితుడొకడు వస్తాడు. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి పోతున్నానంటాడు. శేషగిరికి ప్రాణం విలవిల్లాడుతుంది గానీ తిట్లు తప్ప ఇంకేమీ నోట రావు. అంతే.

బావ చదవడం మొదలుపెట్టాడు. నాలుగో లైనుకే నాకు ఒళ్లు మండింది. డైలాగులే కాదు, మధ్యలో బ్రాకెట్లలో ఉన్నవి కూడా చదివేస్తున్నాడు. 'ఆగి, నిట్టూర్చి' అని గట్టిగా చదివి, ఆగకుండా, నిట్టూర్చకుండా ముందుకు పోతున్నాడు. నా మాట పూర్తికాకముందే తన మాట అందుకుంటున్నాడు. మొదటిసారి మర్యాదగా చెప్పాను. రెండోసారి పళ్లు బిగించి చెప్పాను. మూడోసారి నోరు జారాను.

"ఇదేం పైపుల డ్రాయింగ్ కాదు బావగారూ. కొంచెం మనసు పెట్టి చదవాలి."

ఫోన్ రికార్డ్ అవుతూనే ఉంది. ఆయన కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మనసు గురించి నువ్వు నాకు చెప్తావురా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ కంట్రీలో నువ్వు వెయ్యని వేషం లేదు. అందరిలాగా మాట్లాడావు, మనలాగా తప్ప. నువ్వు టీవీలో ఆ ప్లేన్ హైజాక్ చేసిన వారం, స్కూల్‌లో అనూప్‌ని లాకర్లకేసి తోశారు. పెదవి పగిలి ఇంటికొచ్చాడు. ఆయన మాకేమీ కాడని చెప్పరా అన్నాను. చెప్పనన్నాడు. మా మామయ్యే అంటానన్నాడు. రోజూ కూర్చోబెట్టి నేనే నేర్పించా, నేనే చెప్పించా. ఇవాళైనా అదే చెప్పిస్తా."

ఇన్నేళ్లు ఆ పిల్లాడి మీద పెట్టుకున్న కినుకకి ఒక్కసారిగా ఎటు పోవాలో తెలియలేదు. ఈ ముసలాణ్ని చంపేయాలనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు తోచిన మొదటి ఆలోచన ఏమిటంటే, తల కాస్త కిటికీ వైపు తిప్పితే వెలుగు కంటి మీద పడుతుందని. తిప్పాను. తిప్పి, శేషగిరి చివరి డైలాగ్ చెప్పాను. పో, నేనేం నీ కాళ్లు పట్టుకోను, అని. బావ కాగితాలు సోఫా మీద విసిరేసి లేచిపోయాడు.

అంతకన్నా బాగా నేను జన్మలో చెయ్యలేదు. ఒకసారి చూసుకుంటేనే తెలిసిపోయింది. అక్క అది తీసేయమంది, ఇంటిగుట్టు లంకకు చేటురా అంది. బావగారి మాటలు నలుగురూ వింటారని బతిమాలింది. ఎవరికి అర్థమవుతాయిలే, తెలుగులోనే కదా తిట్టాడు అన్నాను. ఆ సీరియల్ రాస్తున్నది తెలుగమ్మాయని నాకు తట్టకపోలేదు. వింటే విననీ అనుకున్నాను. నా మొహం చాలు, వేషం నాదే. పంపేశాను.

వారం లోపే లారెన్ ఫోన్ చేసింది. టిఫిన్ దగ్గర ఉన్నాం. చేతికి చట్నీ అంటుకుని ఉంటే స్పీకర్‌లో పెట్టాను, ఆ మాట వీళ్లూ వినాలని కూడా పెట్టాను. టేప్ అందరికీ తెగ నచ్చిందట. ఇషిత ఏడ్చేసిందట. ఆ తర్వాత లారెన్, ఆ ఫోన్ వెనకాయన ఎవరు అని అడిగింది.

మా తాత అచ్చం ఇలాగే మాట్లాడేవాడు అందట ఇషిత. అదే గొంతు, అదే మొండితనం, అరవకుండా కోసేసే అదే పద్ధతి. శేషగిరి అంటే ఆయనే, ఆయన చేత ఇదే సీన్ చేయించి పంపండి అని అడుగుతున్నారు. మరి నేనో? నేనూ నచ్చానట. కాకపోతే శేషగిరిగా నా ఇంగ్లీష్ యాస కొంచెం పెట్టుకున్నట్టుగా ఉందట. ఆ స్నేహితుడి వేషం నాకిస్తారట. మొదటి ఎపిసోడ్‌లోనే గుండెపోటుతో పోతాడు.

పెట్టుకున్నట్టుందా? నాకు ఆ యాస పెట్టించిందెవరు? నేను మామూలుగా మాట్లాడితే, ఇంకొంచెం ఇండియన్‌గా, ఇంకొంచెం తమాషాగా అని సెట్లో నా వెనకాలబడి నేర్పించిందెవరు? నేర్చుకున్నాను. అడిగిన ప్రతిసారీ తీసి పెట్టుకున్నాను. తీరా ఇప్పుడు అసలుది కావాలని వచ్చారు, నా దగ్గర వెతికితే లేదట. ఉన్నది ఎవరి దగ్గర? నటన అంటే ఉమ్మేసే మనిషి దగ్గర. ఒక్క రోజు మేకప్ వేసుకోని, ఒక్క ఆడిషన్‌లో ఓడిపోని మనిషి దగ్గర. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

బావ ఇడ్లీ ముక్క పూర్తిగా నమిలి, నాకంత ఖర్మ పట్టలేదని చెప్పమన్నాడు. ఆయన మీద నాకు ప్రేమలాంటిది కలిగింది ఆ ఒక్క పూటే. ఆయన కాదంటే వేషం తిరిగి నా దగ్గరికే వస్తుందన్న ఆశ ఉంది, దాచడం దేనికి?

ఆ ఆశ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అక్క ఉండబట్టలేక అనూప్‌కి చెప్పేసింది. వాడి కూతురు దియ వీడియో కాల్ చేసి, తాతా నువ్వు టీవీలో వస్తున్నావటగా, నేను క్లాస్ మొత్తానికి చెప్పేశాను అంది. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. బావ నా వైపు చూడలేదు. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. చూద్దాంలే అమ్మా అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

రెండ్రోజుల తర్వాత బాత్రూమ్‌లోంచి శేషగిరి డైలాగులు వినిపించాయి. మర్నాడు గడ్డం గీసుకుని, నీలం స్వెటర్ వేసుకుని, నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎటు చూడాలి? ఫోన్‌లోకా, నీ వైపా?"

జీవితంలో మొదటిసారి ఆయన నన్నొకటి అడిగాడు. ఫోన్‌లోకి చూడండి అంటే సరిపోయేది. అక్కడితో ఆయన పని అయిపోయినట్టే, సీన్‌లో ఎదుటివాణ్ని వదిలేసి కెమెరాలోకి చూసేవాణ్ని మొదటి చూపులోనే తీసి పక్కన పారేస్తారు. నా వైపే అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పలేదంటే, అంతకన్నా మంచి ఉపాయం నా దగ్గర ఉంది కాబట్టి. రీడర్ని నేను. నాకు ఎలా చదివాడో అలాగే చదువుతాను, రాయిలా. చేసుకోనీ నటన.

అక్క ఫోన్ పట్టుకుంది. మొదటి లైను అనుకున్నట్టే చదివాను, రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు. బావ తన మాట చెప్పాడు. తడబడ్డాడు. రెండో లైను ఇంకా చప్పగా చదివాను. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. నా వైపు చూశాడు. బతిమాలే చూపు కాదది, ఆ మనిషికి బతిమాలడం రాదు. భయపడ్డాడు. నా ఎదురుగా, కెమెరా ముందు, ఏం చెయ్యాలో తెలియక భయపడ్డాడు. ఎన్నాళ్లుగానో నేను చూడాలనుకున్నది అదే. కళ్లారా చూశాను. ఇంకొక్క లైను అలాగే చదివితే చాలు.

ఆ లైను స్నేహితుడిది. నువ్వు నన్ను ఎప్పుడూ మనిషిగా చూడలేదు, అయినా నీ దగ్గరికే వచ్చాను, అంటాడు. చప్పగా చదువుదామనే నోరు తెరిచాను. నోరు నా మాట వినలేదు. ఎదుటివాడు తడబడితే అందుకోవడం తప్ప దానికి వేరే పని తెలీదు. ఇన్నేళ్లూ పెద్ద పెద్ద హీరోల కన్నీళ్లకి కెమెరా వెనక నిలబడి నేను అందించిన మాటల్లాగే, ఆ మాట నిండుగా, నొప్పితో సహా వెళ్లి ఆయనకి తగిలింది. బావ గొంతు బొంగురుపోయింది. పో, నేనేం నీ కాళ్లు పట్టుకోను, అన్నాడు. అనేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పోవద్దని ఆ మనిషి ఎంత మొత్తుకుంటున్నాడో చెవిటివాడికి కూడా వినపడేలా అన్నాడు.

వేషం ఆయనదైపోయిందని నాకు అప్పుడే తెలిసింది. నేను ఇచ్చాను కాబట్టి వచ్చింది, అదీ తెలుసు. నా చేతులారా ఇచ్చాను. ఆయన్ని ఎంత ద్వేషించానో, ఆ క్షణంలో నన్ను నేను అంతకు రెట్టింపు ద్వేషించుకున్నాను.

అక్క నల్లకళ్లద్దాల కింద నుంచి చెంపలు తుడుచుకుంటోంది. బావ కళ్లజోడు తీసి, స్వెటర్ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. థాంక్స్ అనలేదు. క్షమించమనలేదు.

"ఇంకోసారి చేద్దాం," అన్నాడు. "నువ్వు మధ్యలో తొందరపడ్డావు."

నిజమే, పడ్డాను. కాగితం వెనక్కి తిప్పి, మొదటి లైను నుంచి మళ్లీ అందుకున్నాను.